ఉమ్మడి కథాలోకం: అసిమోవ్ గెలాక్సీ నుంచి భద్రాచలం మన్యం దాకా

ఒక రచయిత రాసిన వేర్వేరు నవలలు, కథలు ఒకే లోకంలో జరిగితే దాన్ని ఉమ్మడి కథాలోకం అనవచ్చు. ఇది సీరియల్ కాదు. సీరియల్లో ఒకే కథ వారం వారం సాగుతుంది. ఇక్కడ ఏ కథకా కథ పూర్తవుతుంది. అయితే ఒక నవలలో నాయకుడైనవాడు ఇంకో కథలో దారిన పోతూ కనిపిస్తాడు. ఒక కథలో రాజధానిగా వెలిగిన నగరం మరో కథ వచ్చేసరికి పాడుబడి ఉంటుంది. ఒకచోట చెప్పిన నియమం అన్నిచోట్లా చెల్లుతుంది. రచయిత నోరు విప్పి చెప్పని చుట్టరికాలను పాఠకుడు తనంతట తాను పట్టుకోవడంలోనే దీని రుచి ఉంది.

సైన్స్ ఫిక్షన్‌లో ఈ పద్ధతికి బాట వేసినవారిలో అమెరికన్ రచయిత రాబర్ట్ హైన్‌లైన్ ముఖ్యుడు. తన కథల్లో ఏది ఏ కాలంలో జరుగుతుందో చూపే పట్టిక ఒకటి ఆయన తయారు చేసుకున్నాడు. 1941 మే నెల 'అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్' పత్రికలో అది అచ్చయింది. అప్పటికి అందులో కొన్ని కథలు ఇంకా రాయనేలేదు, పేర్లు మాత్రం పట్టికలోకి ఎక్కేశాయి.

ఐజాక్ అసిమోవ్‌ది ఇందుకు ఎదురుదారి. ఆయన ముందు కథలు రాశాడు, లోకాన్ని తర్వాత కలిపాడు. మొదటి రోబో కథ 1940లో, మొదటి ఫౌండేషన్ కథ 1942లో పత్రికల్లో వచ్చాయి. ఆ రెండింటికీ అప్పట్లో పొత్తు లేదు. ఫౌండేషన్ కథల గెలాక్సీలో లక్షల గ్రహాల నిండా మనుషులే తప్ప ఒక్క రోబో కూడా కనబడదు. 1980లలో మళ్లీ నవలల వైపు వచ్చిన అసిమోవ్ ఈ రెండు లోకాలనూ ఒకటి చేయాలనుకున్నాడు. అప్పుడు పాత పుస్తకాల్లోని చిక్కులన్నీ పైకి తేలాయి. రోబోలు ఏమైపోయినట్టు? 1950 నాటి 'పెబుల్ ఇన్ ద స్కై' నవలలో భూమి అణుధార్మికతతో పాడైపోయి ఉంటుంది, అణుయుద్ధమే కారణమని పాఠకులు అనుకున్నారు. 1985లో వచ్చిన 'రోబోట్స్ అండ్ ఎంపైర్' దానికి వేరే కారణం చెప్పింది. 1986 నాటి 'ఫౌండేషన్ అండ్ ఎర్త్'లో అసలు గుట్టు బయటపడింది: డానీల్ ఒలివా అనే రోబో వేల ఏళ్లుగా తెర వెనుక నిలబడి మనుషుల చరిత్రను నడిపిస్తూ వచ్చాడట. నలభై ఏళ్ల కిందటి ఖాళీని పూడ్చడానికి ఇది కాస్త సాహసమైన ఎత్తే. కొందరు అభిమానులకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

తెలుగులో ఒకే రచయిత కట్టిన ఇలాంటి లోకం అంటే ముందు గుర్తుకు రావలసింది విశ్వనాథ సత్యనారాయణ 'పురాణవైర గ్రంథమాల'. మగధ రాజవంశాల మీద రాసిన 12 నవలలు అవి. కాశ్మీర రాజవంశాల మీద 6, నేపాల రాజవంశాల మీద 6 వేరుగా ఉన్నాయి. పాశ్చాత్య చరిత్రకారులు కట్టిన కాలక్రమం తప్పు, పురాణాలు చెప్పే లెక్కే సరి అన్న పట్టుదల వీటి వెనుక ఉంది. ఆ లెక్కను ఒప్పుకోని పాఠకుడు కూడా వీటిని మరో దారిలో నడిచిన చరిత్రగా, దాదాపు సైన్స్ ఫిక్షన్‌లా చదువుకోవచ్చు. విశ్వనాథ ఆ మాటకు కోప్పడి ఉండేవారేమో. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో కూడా పుస్తకం నుంచి పుస్తకానికి నడిచినవాళ్లే. కాకపోతే అక్కడ మనిషి ఒక్కడే కొనసాగుతాడు, లోకం ప్రతి పుస్తకంలోనూ కొత్తగా మొదలవుతుంది.

తెలుగువాళ్లకు పుట్టుకతో అలవాటైన అతి పెద్ద ఉమ్మడి కథాలోకానికి మాత్రం ఒక్క రచయిత అంటూ లేడు. అది రాముడి కథ. భక్తులకు అది కల్పన కాదు. ఇక్కడ విషయం దాని నిజానిజాలు కావు, ఒక కథ చుట్టూ మరెన్నో కథలు ఎలా చేరతాయి, ఒకదానితో ఒకటి ఎలా పొసగుతాయి అన్నదే. దీన్ని పుస్తకంలో కాక నేల మీద చూడాలంటే పాత ఖమ్మం జిల్లా గోదావరి ఒడ్డుకు మించిన చోటు లేదు.

భద్రాచలానికి ఎగువన, సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. సీతారామలక్ష్మణులు వనవాసంలో ఉన్నది, మాయలేడి వచ్చింది, రావణుడు సీతను ఎత్తుకుపోయింది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. పక్కనే సీతవాగు. వాగు బండల మీద చారలు చూపించి సీతమ్మ చీర ఆరేసుకున్న గుర్తులంటారు, రంగు రాళ్లు చూపించి ఆమె పసుపు కుంకుమలంటారు. రావణుడు రథం నిలిపిన గుట్ట కూడా ఉంది. భద్రాచలం పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఎటపాకలో జటాయువు రెక్కలు తెగి పడ్డాడంటారు, ఊరి పేరు కూడా ఆయనదేనంటారు. దిగువకు వెళితే కూనవరం దగ్గర శబరి నది గోదావరిలో కలుస్తుంది. ఒడిశాలో కొలాబ్‌గా పుట్టిన ఆ నది ఈ కథాలోకంలోకి వచ్చేసరికి రాముడి కోసం పళ్లు దాచిన భక్తురాలి పేరు పెట్టుకుంది.

హైన్‌లైన్ పట్టిక చేసిన పనిని ఇక్కడ వాగులు, గుట్టలు చేస్తున్నాయి. కథ ఎటు నుంచి ఎటు నడిచిందో నేలే చెబుతుంది. ఈ నేలకు పాలకులు గీసిన గీతలు మాత్రం తరచూ మారాయి. తూర్పుగోదావరిలో ఉన్న భద్రాచలం తాలూకా 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో రాష్ట్ర విభజన వేళ పోలవరం ముంపు ప్రాంతాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, ఎటపాక ఆంధ్రలోకి వెళ్లింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. సీతను ఎత్తుకుపోయిన చోటు ఇప్పుడు తెలంగాణలో ఉంది, ఆమె కోసం జటాయువు పోరాడి పడిపోయిన చోటు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది.

అసిమోవ్‌కు రోబోల చిక్కు ఎదురైనట్టే భద్రాచలానికీ ఒక చిక్కు ఎదురైంది. రామాయణంలో రాముడు రెండు చేతుల మనిషి. భద్రాచలం గర్భగుడిలో మూలవిరాట్టుకు నాలుగు చేతులు. సీతమ్మ ఎడమ తొడ మీద కూర్చుని ఉంటుంది, లక్ష్మణుడు పక్కనే ఉంటాడు. రాముడి చేతుల్లో విల్లు, బాణంతో పాటు శంఖచక్రాలూ ఉంటాయి. విష్ణువుకు మామూలుగా కుడిచేత చక్రం, ఎడమచేత శంఖం ఉండాలి, ఇక్కడ కుడిచేత శంఖం, ఎడమచేత చక్రం. స్థలపురాణం ఈ రెండు తేడాలకూ ఒకే కథతో జవాబు చెప్పింది. మేరువు కొడుకు భద్రుడు రాముడి కోసం తపస్సు చేశాడు. సీతను వెతికే తొందరలో ఉన్న రాముడు తర్వాత వస్తానని మాట ఇచ్చి వెళ్లిపోయాడు. అవతారం చాలించాక ఆ మాట గుర్తొచ్చింది. భద్రుడు అడిగింది రాముడి రూపం, వస్తున్నదేమో వైకుంఠం నుంచి విష్ణువు. రెండు రూపాలూ కలిసిపోయాయి, ఆ హడావిడిలో శంఖచక్రాలు చేతులు మారాయి. భద్రుడు కొండగా మారి ఆయన్ను తలమీద పెట్టుకున్నాడు.

కథ కట్టే నేర్పు తెలిసినవాళ్లు దీన్ని మెచ్చుకోకుండా ఉండలేరు. వాల్మీకి కథలో ఒక్క అక్షరం మార్చలేదు, దండకారణ్యంలో రాముడు నడిచిన దారిలోనే ఒక చిన్న ఆగుదలను కల్పించుకుని దాంట్లోంచి మొత్తం ఒక క్షేత్రాన్ని పుట్టించారు. పాత పుస్తకాన్ని తాకకుండా దాని అర్థాన్ని మార్చడం, లేదా దాని ఖాళీలో కొత్త కథను ఇమడ్చడం ఉమ్మడి లోకాలు కట్టేవాళ్ల ప్రధాన విద్య. అసిమోవ్ కూడా అదే చేశాడు, ఇంత పొదుపుగా మాత్రం చేయలేకపోయాడు.

ఆ తర్వాత ఈ లోకం త్రేతాయుగం నుంచి సూటిగా 17వ శతాబ్దంలోకి దూకింది. భద్రిరెడ్డిపాలేనికి చెందిన పోకల దమ్మక్క అనే భక్తురాలికి పుట్టలో విగ్రహాలు దొరికాయని, పందిరి వేసి ఆమె పూజించిందని చెబుతారు. ఖమ్మం దగ్గరి నేలకొండపల్లిలో పుట్టి, తర్వాత రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. గోల్కొండను అబుల్ హసన్ తానీషా (1672–1687) ఏలుతున్న కాలం, గోపన్న మేనమామలు అక్కన్న మాదన్నలు ఆ కొలువులో పెద్ద ఉద్యోగులు. వసూలైన శిస్తు సొమ్ముతో గోపన్న గుడి కట్టించాడు, చెరసాల పాలయ్యాడు. చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు కుర్రాళ్లుగా అర్ధరాత్రి తానీషా దగ్గరికి వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకున్నారన్నది ప్రసిద్ధ కథ. గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లకు రామదాసు బందీఖానాను ఇవాళ్టికీ చూపిస్తారు.

ఇక్కడ రామదాసు కీర్తనలు చేసిన పని గమనించదగ్గది. ఆయన దేవుడితో మాట్లాడే తీరు లెక్కలు అప్పజెప్పే ఉద్యోగి తీరు. ఒక ప్రసిద్ధ కీర్తనలో సీతమ్మ చింతాకు పతకానికి, భరతుడి పచ్చల పతకానికి, రాముడి కలికితురాయికి ఎంత ఖర్చయిందో ఒక్కొక్కటే చెప్పి, ఎవడబ్బ సొమ్మని తిరుగుతున్నావని నిలదీస్తాడు, వెంటనే తప్పు కాయమంటాడు. త్రేతాయుగపు రాజకుటుంబం, గోల్కొండ ఖజానా నాణేలు ఒకే చిట్టాలోకి ఎక్కాయి. ఆ పేర్లు గల నగలు భద్రాచలం ఆలయంలో ఉన్నాయి, ఉత్సవాల్లో విగ్రహాలకు అలంకరిస్తారు. కథలోని వస్తువు చేత్తో పట్టుకునేలా ఉండటం ఏ సైన్స్ ఫిక్షన్ రచయితకూ దక్కని అదృష్టం. ఇంకో తమాషా, గోపన్నకు తారకమంత్రం ఉపదేశించింది కబీరుదాసు అంటారు. కబీరు అంతకు రెండు వందల ఏళ్ల ముందువాడన్న సంగతి ఆ కథకు ఏమాత్రం అడ్డు రాలేదు. ఇద్దరు గొప్ప రామభక్తులు ఒకే లోకంలో ఉన్నప్పుడు ఎక్కడో ఒకచోట కలవకుండా ఎలా ఉంటారన్నది జనం తర్కం. చిత్తూరు నాగయ్య తీసిన 'రామదాసు' (1964), కె.రాఘవేంద్రరావు 'శ్రీరామదాసు' (2006) ఈ కథనే తెరకెక్కించాయి.

ఉమ్మడి లోకాల్లో ఇంకో రకం కథలుంటాయి. మూలకథలో మూల నిలబడ్డ మనిషిని ముందుకు తెచ్చి, జరిగిందంతా అతని కళ్లతో చూపించడం. ఆర్సన్ స్కాట్ కార్డ్ 1985లో 'ఎండర్స్ గేమ్' రాసి, 1999లో అదే కథను బీన్ అనే పక్కపాత్ర వైపు నుంచి 'ఎండర్స్ షాడో'గా రాశాడు. తెలుగు ఆడవాళ్లు ఈ పనిని పాటల్లో ఏనాడో చేశారు. వాల్మీకి ఊర్మిళను అయోధ్యలో వదిలేసి మరిచిపోయాడు. 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో ఆమె పద్నాలుగేళ్లూ నిద్రపోయింది, అడవిలో నిద్ర మానిన లక్ష్మణుడి వంతు కూడా ఆమే నిద్రపోయిందన్నది ఈ కథ ఆయువుపట్టు. 'లక్ష్మణదేవర నవ్వు'లో పట్టాభిషేకం అయ్యాక నిండు కొలువులో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. కొలువులో ప్రతివాడూ తన గుట్టు చూసే నవ్వాడని ఉలిక్కిపడతాడు. అసలు సంగతి, వాయిదా వేసిన నిద్ర అప్పుడు ఒంటి మీదికి వచ్చి నిలబడింది, దాన్ని చూసి నవ్వాడు. వాల్మీకంలో లేని లక్ష్మణరేఖ కూడా ఇలా తర్వాత చేరిందే, ఇవాళ అది లేని రామాయణాన్ని ఊహించలేం.

ఇన్ని చేతులు పడ్డాక పొసగని మాటలు తప్పవు. సీతాపహరణం జరిగిన పంచవటి నాసిక్ దగ్గరేనని మహారాష్ట్రవాళ్లు గట్టిగా చెబుతారు, వాళ్ల గోదావరి ఒడ్డున సీత గుహ కూడా ఉంది. జటాయువు పడింది లేపాక్షిలో అని రాయలసీమ అంటుంది, చడయమంగళంలో అని కేరళ అంటుంది. భద్రాచలంలోనే కల్యాణం జరిపించేటప్పుడు ప్రవరలో రాముణ్ణి దశరథుడి కొడుకుగా చెప్పాలా, రామనారాయణుడిగా చెప్పాలా అన్న వివాదం పెద్ద చర్చకే దారితీసింది. ఈ లోకంలోకి వచ్చినవాడు రామాయణం రాముడా, భద్రుడికి మాట ఇచ్చిన వైకుంఠ రాముడా అన్నది దాని సారాంశం. ఉర్సులా లె గ్విన్ హైనిష్ నవలలు ఈ విషయంలో ఊరటనిస్తాయి. 'రోకనన్స్ వరల్డ్' (1966), 'లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' (1969), 'డిస్‌పొసెస్డ్' (1974) ఒకే లోకానివే అయినా తేదీలు, వివరాలు అన్నిచోట్లా కలవవు. వాటిని కలపడానికి ఆమె పెద్దగా తంటాలు పడలేదు. నక్షత్రాల మధ్య క్షణంలో కబురు పంపే 'ఆన్సిబుల్' అనే యంత్రాన్ని మాత్రం ఎంత బాగా నిలబెట్టిందంటే, ఆ పేరునే కార్డ్ తన ఎండర్ నవలల్లోకి తీసుకున్నాడు.

ఇదే మన్యంలో మరో కథాలోకం కూడా ఉంది, అది కోయలది. రాముడి లోకం ముందు దీన్ని చిన్నదిగా చూడటం బయటివాళ్లకు అలవాటు, ఆ చూపు సరైంది కాదు. కోయల వంశాలు మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ గట్లుగా ఉంటాయి. ప్రతి గట్టుకూ తన ఇలవేల్పులు, తన వలసల కథ ఉన్నాయి. ఆ కథలు పుస్తకాల్లో లేవు, వాటిని పాడే డోలి కోయల నోళ్లలో, పడిగెలనే జెండాల మీది బొమ్మల్లో ఉన్నాయి. కొలుపుల్లో పడిగె విప్పి, వాయిద్యం మోగిస్తూ, వంశకథ పాడతారు. మణుగూరు మండలానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను అలా పాడినవారే. 2022లో ఆయనకు పద్మశ్రీ దక్కింది, 2024లో కన్నుమూశారు.

వేర్వేరు ఊళ్ల కథలు ఒకచోట కలవడం ఎలా ఉంటుందో ములుగు జిల్లా మేడారంలో కళ్లతో చూడవచ్చు. రెండేళ్లకోసారి మాఘ పున్నమి వేళ జరిగే జాతరకు సమ్మక్క చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో వస్తుంది. సారలమ్మ కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి వస్తారు. ఒక్కొక్కరి వెనుక ఒక్కో ఊరి పూజారులు, ఒక్కో ఊరి కథ. కాకతీయ ప్రతాపరుద్రుడి సేనతో పోరాటం అన్నింటినీ కలిపే ముడి. పోరులో పడిన సమ్మక్క కొడుకు జంపన్న పేరే అక్కడి వాగుకు నిలిచింది. అందరూ తమ కథలతో గద్దెల మీదికి చేరి, జాతర ముగిశాక మళ్లీ ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు. పూనుగొండ్లలో పగిడిద్దరాజు కథకు ఆయనే నాయకుడు, మేడారంలో ఆయన సమ్మక్క భర్త.

రెండు లోకాలూ భద్రాచలంలో అక్కడక్కడా తాకుతాయి. శబరి, దమ్మక్క ఇద్దరినీ గిరిజనులు తమవాళ్లుగా చెప్పుకుంటారు. వాళ్ల పేరిట జరిగే యాత్రల్లో అడవి పూలు, పళ్లు తెచ్చి గుడిలో సమర్పిస్తారు.

చదివేవాళ్లు, వినేవాళ్లు కథలోకి నడిచి వెళ్లడం కూడా ఉమ్మడి లోకాల లక్షణమే. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకు ఇద్దరు అభిమానులు భవిష్యత్తు మనుషుల వేషాల్లో వచ్చారు, ఆ ఆనవాయితీ ఇప్పుడు ప్రపంచమంతా పాకింది. తూర్పుగోదావరి జిల్లా కోరుకొండ రైతులు భద్రాచలం కల్యాణం కోసం ప్రత్యేకంగా వరి పండిస్తారు, వానర వేషాలు వేసుకుని పొలం పనులు చేస్తారు. ఆ వడ్లను రోకలి తగలనీయకుండా గోటితో ఒలిచి, గోటి తలంబ్రాలుగా పంపుతారు. ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు వస్తాయి, తానీషా కాలం నుంచి వస్తున్న ఆచారమంటారు. కల్యాణం జరిగే ప్రాంగణం పేరు మిథిలా స్టేడియం. నవమి రాముడు పుట్టిన రోజు, ఇక్కడ పెళ్లి కూడా ఆ రోజే, పట్టాభిషేకం మర్నాడు. కథలో దశాబ్దాలు పట్టిన సంగతులు రెండు రోజుల్లో పూర్తవుతాయి, అక్కడున్న వేలమందిలో ఒక్కరికీ అది వింతగా తోచదు.

ఒక్క రచయిత కట్టిన లోకానికీ, జనం కట్టిన లోకానికీ అసలు తేడా హక్కుల దగ్గర తేలుతుంది. అసిమోవ్ 1992లో పోయాక ఫౌండేషన్ లోకంలో కొత్త నవలలు రాయడానికి వారసుల అనుమతి కావలసివచ్చింది. ఆ అనుమతితో 1997 నుంచి 1999 మధ్య గ్రెగరీ బెన్‌ఫర్డ్, గ్రెగ్ బేర్, డేవిడ్ బ్రిన్ తలా ఒకటి రాశారు. రాముడి కథకు ఇంకో కథ చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెలుగు సినిమా ఇప్పుడు రెండు పద్ధతులనూ కలుపుతోంది. 2024 జనవరిలో వచ్చిన ప్రశాంత్ వర్మ 'హను-మాన్', అదే ఏడాది జూన్‌లో వచ్చిన నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' రెండూ 'సినిమాటిక్ యూనివర్స్'లకు మొదటి మెట్లుగా ప్రకటించుకున్నవే. 'కల్కి' భవిష్యత్తు కాశీలో అశ్వత్థామ బతికే ఉంటాడు. అతనెవరో, ఎందుకు చావలేదో తెలుగు ప్రేక్షకుడికి విడమరచి చెప్పే పని నాగ్ అశ్విన్‌కు పెద్దగా పడలేదు, ఆ ముందు భాగం వ్యాసుడు ఎప్పుడో రాసి పెట్టాడు. ఆ సినిమా కోసం పుట్టించిన భైరవ పాత్ర మీద, అందులోని యంత్రాల మీద నిర్మాతలకు హక్కులుంటాయి. అశ్వత్థామ మీద, హనుమంతుడి మీద ఎవరికీ ఉండవు. రేపు ఇంకొకరు అదే అశ్వత్థామను తెచ్చి పర్ణశాల రేవులో దింపినా అడ్డుకునేవాళ్లు లేరు.